ఒక దిమ్మ తక్కువ

మాస్టారు అటూ ఇటూ చూసి, కూతురి డైవింగ్ జాకెట్ జేబులోంచి సీసం దిమ్మ ఒకటి తీసి సొరుగులో దాచేశారు.

సముద్రంలో డైవింగ్ నేర్పే మనిషి చెయ్యాల్సిన పని కాదది. ఒళ్ళూ, రబ్బరు సూటూ కలిసి మనిషిని పైకి తేలుస్తాయి. జేబుల్లో సరిపడా సీసం ఉంటేనే కిందికి దిగేది. ఆ లెక్క అందరికీ నేర్పేది ఆయనే. కూతురి దగ్గర తప్పించేదీ ఆయనే.

ఏం చేస్తారు మరి? సొంత తమ్ముడు నీళ్ళలోకి దిగి మళ్ళీ పైకి రాలేదు. మాస్టారి డైవింగ్ షాపు గోడమీద ఫొటోలో నవ్వుతుంటాడు. ఆ ఫొటో మీద దుమ్ము రోజూ తుడిచేది కూతురే. "పద్దెనిమిదేళ్ళు రానీ, నీకు నేనే నేర్పుతా" అని దాని చిన్నప్పుడెప్పుడో మాటిచ్చేశారు. ఆ పుట్టినరోజున పిల్ల ఆయన వంకే చూసింది. ఆ మాట కోసమే చూస్తోందనుకున్నారు. ఎవరెవరి పిల్లల్నో దింపే మనిషి తన పిల్లని వద్దంటే ఏం బావుంటుంది?

జాకెట్ మాత్రం మనసు పెట్టి ఎంచారు. పట్టీలు బిగించి, గాలి నింపి, గడ్డం దాకా ఎగదన్నుతోందేమో చూశారు.

"ఒక సైజు పెద్దది తీసుకుందాం నాన్నా. ఇంకాస్త ఎదిగాక నేర్చుకుంటాలే."

"ఇదేమన్నా స్కూలు యూనిఫామా అమ్మలూ? ఒంటికి అతుక్కున్నట్టుండాలి. వదులైతే నీళ్ళలో అదో దారి, నువ్వో దారి!"

ఇంత చేసిన మనిషి సీసం దగ్గరికొచ్చేసరికి చేతివాటం చూపించారు.

రేవు మెట్ల దగ్గర పిల్ల అందరికంటే ఆఖర్న తయారయ్యేది. బూట్లు విప్పడానికే బోలెడంత సేపు. జాకెట్ ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేది కాదు. నీళ్ళలోకి దిగి, జాకెట్‌లో గాలంతా వదిలి, ఊపిరి బిగబట్టి నిలబడితే నీళ్ళు కళ్ళ దాకా రావాలి. ఆమెకి మెడ దగ్గరే ఆగిపోయేవి.

"మీ అమ్మాయి బెండు మింగిందా ఏంటి మాస్టారూ?" పడవ నడిపేవాడు నవ్వేవాడు.

తీసింది ఒక్క దిమ్మే. అంతలా తేలకూడదే! కొత్త సూటు మహిమేమో అని సరిపెట్టుకునేవారు. తప్పు చేస్తున్నవాడు ఏ మొహం పెట్టుకుని ఆరా తీస్తాడు?

ఇంటికొచ్చాక పిల్ల తల దించుకునేది. "నా వల్ల కాదు నాన్నా. పోనీ మానేద్దామా? నీక్కూడా తలవంపులు."

మాస్టారి మనసు చివుక్కుమనేది. తను చేసిన పాపానికి పిల్ల తనని తాను తిట్టుకుంటోంది. ఆ సిగ్గు కప్పుకోవడానికి గొంతు పెంచేవారు.

"మానేయడమా? కుదరదు! వచ్చే ఆదివారం దిగి తీరతావు!"

పిల్ల మొహం చిన్నబుచ్చుకుని గదిలోకి వెళ్ళిపోయేది.

ఒక శనివారం భోజనం సగంలో వదిలేసి లేచింది. తలుపు అవతల వెక్కిళ్ళు వినిపించాయి. ఇక ఆయన తట్టుకోలేకపోయారు. భయం తనది, ఏడుపు పిల్లదా? మర్నాడు పొద్దున్నే సొరుగు తెరిచి, ఒక్క దిమ్మ కూడా తగ్గకుండా లెక్కపెట్టి జేబుల్లో సర్దారు. తమ్ముడి ఫొటో వైపు మాత్రం చూడలేకపోయారు.

పిల్ల నీళ్ళలోకి దిగింది. గాలి వదిలింది. ఒడ్డున మాస్టారు కూడా ఊపిరి బిగబట్టారు.

తేలింది.

ఎప్పటికన్నా కాస్త కిందికి దిగిందేమో, అంతే.

అమ్మయ్య అనిపించింది ఆయనకి. అలా అనిపించినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఎందుకు తేలిందో తర్వాత చూసుకోవచ్చు. ఇన్నాళ్ళూ తను చేసిన పని ఇవాళ చెప్పేయాలి. పిల్ల ఎన్ని తిట్టినా పడాలి.

పిల్ల జాకెట్ మెట్ల మీదే వదిలేసి, తువ్వాలు చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా వట్టికాళ్ళతో పరిగెత్తి వ్యాను ఎక్కేసింది.

"అమ్మలూ, బూట్లు మరిచిపోయావు! ఉండు, నీతో ఓ మాట చెప్పాలి" అంటూ మాస్టారు వంగి ఆ జత అందుకున్నారు.

ఎడమది మామూలుగానే లేచింది గానీ కుడిది చేతిని కిందికి లాగేసింది, లోపల కుక్కిన మేజోడు తీసి చూస్తే, పొద్దున తను లెక్కపెట్టి జేబుల్లో సర్దిన సీసం దిమ్మల్లో రెండు బూటు కొస దాకా తోసి ఉన్నాయి.