నిమ్మకాయ తొక్కని కారు

గర్జించే ఇంజను, చేత్తో మార్చే గేర్లు ఉన్న ఆ పాత జపాన్ స్పోర్ట్స్ కారు మళ్ళీ వస్తుందని మా ఆయన ఇరవై ఏళ్ళు ఎదురుచూశారు. తీరా వచ్చాక, అదీ అన్ని కార్లలాగే చప్పుడు లేకుండా తనంతట తానే నడిచేదే. అయినా కొన్నారు. ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం.

"దారిలో అడ్డం ఉంది. కదలను," అంది కారు.

"ముహూర్తం ఇంకా ఐదు నిమిషాలే, రంగనాథం గారూ! తొక్కించండి," అన్నారు పూజారిగారు.

"నా మాట వింటే కదండీ!" మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"దాన్ని ఆపేసి స్టీరింగు పట్టుకోండి. మేం తోస్తాం," అన్నాను.

పూజారిగారూ, నేనూ, కొబ్బరికాయలమ్మే వీరమ్మా తోశాం. నిమ్మకాయలు చితికాయి. లోపల మా ఆయన నోటితోనే "బుర్ర్‌ర్" అంటూ, లేని గేర్లు మార్చేస్తున్నారు.

స్వామి దీవించింది కారునో, ఈయన్నో నాకు తెలియలేదు.

"ఇంకాస్త దూరం తొయ్యవే, సుగుణా!" అన్నారాయన.