సబ్జెక్టు సొంత మాటల్లో

"ఆంటీ, నాలుగింటికల్లా ఇచ్చేయాలి. లేటయితే మా మేడమ్ రికార్డులు తీసుకోరు, ఇరవై మార్కులూ గోవిందా!"

వాగుడుకాయ అప్పటికే డీటీపీ షాపులో స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె క్లాస్‌మేటు ఫస్ట్ బెంచీ మాత్రం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వేరే షాపుకి పోదామని దారంతా బతిమాలుతూనే ఉంది. వాగుడుకాయ వింటేగా! మిగతా షాపుల నిండా కాలేజీవాళ్ళే. పైగా తెలుగు తప్పుల్లేకుండా కొట్టేది ఈ ఆంటీయేనని ఎవరో చెప్పారట. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఆపరేటరు కళ్ళజోడు పైకి తోసుకుని ఇద్దర్నీ చూసింది. ముందు వాగుడుకాయ రికార్డు టైపు చేసేసింది. తర్వాత ఫస్ట్ బెంచీ కాగితాలు అందుకుంది. మొదటి పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"కొంచెం త్వరగా కానీండి" అంది ఫస్ట్ బెంచీ, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ.

ఇద్దరూ సైకాలజీ మొదటి సంవత్సరం. ఎవరో ఒకర్ని వారం రోజులు వాళ్ళకి తెలియకుండా గమనించడం వీళ్ళ పని. ఆ మనిషి పేరు రాయకూడదు, 'సబ్జెక్టు' అనాలి. ఆ మనిషి ఎందుకలా చేస్తున్నారో ఐదు దృక్పథాల్లో వివరించాలి. ఆఖర్న 'సబ్జెక్టు సొంత మాటల్లో' అని ఒక శీర్షిక. అంతా అయ్యాక ఆ మనిషినే అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు దాని కింద రాయాలి.

ఫస్ట్ బెంచీ అక్కడ ఖాళీ వదిలేసింది.

ఆపరేటరుకి పైకి చదువుతూ కొట్టడం అలవాటు.

"సబ్జెక్టు నలభై ఐదేళ్ళ స్త్రీ. మా ఎదురింట్లో ఉంటారు. రోజూ సాయంత్రం ఆరింటికి పని నుంచి వస్తారు. మూడంతస్తులు ఎక్కి తలుపు ముందు నిలబడతారు. బెల్లు కొట్టరు. ఐదు నిమిషాలు, ఒక్కోసారి పది. తర్వాత రుమాలుతో మొహం తుడుచుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని, అప్పుడు బెల్లు కొడతారు."

"అమ్మో, సస్పెన్సే! లోపల మొగుడు తాగి కూర్చుంటాడేమోనే!"

"ఆవిడకి మొగుడు లేడు" అంది ఫస్ట్ బెంచీ ఠక్కున. అని నాలుక కరుచుకుంది.

చెవులు వేడెక్కాయి. రాసేటప్పుడు ఎంత ఉత్సాహం! చెవి దగ్గర ఫోన్ తియ్యకుండానే తలుపుకున్న కంతకి కన్ను ఆనించి, గడియారం చూసి, నిమిషాలు లెక్కపెట్టింది. ఇప్పుడదే పరాయి గొంతులా వినబడుతుంటే, ఎవరి బీరువానో తీసి బజార్లో గుమ్మరించినట్టుంది. అసలే ఆవిడ పనిచేసేది ఈ చుట్టుపక్కలే.

టైపు చప్పుడు సాగుతోంది. ప్రవర్తనావాదం ప్రకారం, లోపల ఆవిడకి ఏదో శిక్ష ఉంది, దాన్ని వాయిదా వేయడం అలవాటైంది. మనోవిశ్లేషణ ప్రకారం, చిన్నప్పుడు ఎవరో ఆవిణ్ణి బయట నిలబెట్టి తలుపేశారు.

"ఇదెవరు చెప్పారే నీకు?" అంది వాగుడుకాయ.

"మనోవిశ్లేషణ అంటే చిన్నతనం ఉండాలి కదా..."

"బాగుంది! ఆవిడ చిన్నతనం కూడా నువ్వే కనేశావన్నమాట!"

జీవశాస్త్రం దగ్గర మోకాళ్ళూ, రక్తహీనతా, ఆయాసమూ వచ్చాయి. ఆపరేటరు సన్నగా నవ్వింది.

"ఒక డౌటమ్మాయ్. ఆవిడ ఎదురింటి తలుపు వైపు తిరిగి నిలబడితే నీకు కనబడేది వీపే కదా. నవ్వెలా కనబడింది?"

ఫస్ట్ బెంచీ మళ్ళీ క్యాలెండరు వైపు తిరిగింది.

"ఆంటీ, మీరు మా మేడమ్ కంటే డేంజరు!" వాగుడుకాయ పగలబడి నవ్వింది. "అయినా ఇదంతా నా వల్లే ఆంటీ. దీనికి ఇక్కడికొచ్చే అవసరమే లేదు. వీళ్ళమ్మగారు పెద్ద కంపెనీలో మేనేజరు. చిటికేస్తే ఆఫీసులోనే కలర్ ప్రింటు తీసిస్తారు. నాకోసం పాపం..."

"అలాగా" అంది ఆపరేటరు. తెర మీంచి చూపు తిప్పలేదు.

ఫస్ట్ బెంచీ కాలి బొటనవేలితో నేల గీకుతోంది. గచ్చు పగిలితే అందులోకి దిగిపోయేలా ఉంది.

సంజ్ఞానాత్మక దృక్పథం: 'లోపల నా కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు' అని సబ్జెక్టు తనకు తాను చెప్పుకుంటారు. ఇక్కడ వేళ్ళు ఆగాయి. మళ్ళీ కదిలాయి. మానవతావాదం: సబ్జెక్టు గౌరవం కోరుకుంటున్నారు, అది ఇంట్లో దొరకడం లేదు.

"ఇది బాగా రాశావు" అంది ఆపరేటరు. కాగితం తిప్పి, "మరి ఆఖర్న ఖాళీ ఉందేం? ఆవిణ్ణి అడగలేదా?"

"సిగ్గేసింది."

"ఐదు రకాలుగా రాయడానికి వెయ్యలేదు కదా!" అంది వాగుడుకాయ. అని బైండింగుకి అట్టలు ఎంచుకోవడానికి బయటి బల్ల దగ్గరికి పోయింది.

లోపల ఇద్దరే మిగిలారు. ఫస్ట్ బెంచీ తలెత్తితే ఒట్టు. కీబోర్డు మాత్రం ఇంకాసేపు టకటకలాడింది. ప్రింటరు కాగితాలు కక్కింది.

నాలుగింటికి పది నిమిషాలుంది. కాలేజీ మెట్ల మీద వాగుడుకాయ ముందు పరిగెడుతోంది. ఫస్ట్ బెంచీ ఆగి, పెన్ను మూత తీసింది. ఖాళీ దగ్గర 'సబ్జెక్టు అందుబాటులో లేరు' అని చేత్తో రాసేస్తే సరి. ఆఖరి పేజీ తిప్పింది.

ఖాళీ లేదు. 'సబ్జెక్టు సొంత మాటల్లో' కింద, ఒక్క అచ్చుతప్పు లేకుండా, ఒకే ఒక్క వాక్యం ఉంది:

"ఆ టైములో తలుపవతల మా అమ్మాయి ఫోన్‌లో వాళ్ళమ్మ మేనేజరని ఫ్రెండుకి చెప్పుకుంటూ ఉంటుంది, ఆ మాటలు పూర్తికాకుండా డీటీపీ ఆపరేటరు లోపలికొస్తే బాగుండదని బయటే ఆగుతాను."