గంగిరెద్దు తీర్పు

నేను గంగిరెద్దుని. వీపు మీద రంగుల బొంత, మెడలో గంటలు ఉన్నాయి కాబట్టి నేను దేవుడి తరఫు వాణ్ణని మా మంద నమ్మకం. రానురాను నేనూ నమ్మేశాను.

ఈసారి మందకు పెద్దగా తాను నిలబడతానంది కర్రావు. ఆంబోతుకు ఒళ్లు మండింది. అందరి ముందూ నా దగ్గరికొచ్చి, "ఆడది పెద్దరికం చేస్తే దేవుడికి కోపమొస్తుంది కదా స్వామీ?" అంది.

ఎవరు "కదా" అన్నా తలూపడం ఒక్కటే నాకొచ్చిన విద్య. గంటలు మోగేలా ఊపాను. మంద మొత్తం భక్తిగా చెంపలేసుకుని ఆంబోతును గెలిపించింది.

గెలవగానే ఆంబోతు మళ్లీ వచ్చింది. "లేతగడ్డి మగవాటికే దక్కాలి కదా స్వామీ?"

దానికీ ఊపాను. నాకూ ఓ మోపు దక్కింది. కమ్మగా ఉంది.

మర్నాడు కర్రావు మంద మధ్యలో నిలబడి నన్ను గట్టిగా అడిగింది. "దేవుడు నీకు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు కదా బసవన్నా?"

నోట్లో గడ్డి అలాగే ఉండిపోయింది. ఆపుదామనుకున్నాను, మెడ వినలేదు. గంటలు గణగణా మోగాయి. ఇన్నేళ్లలో నేను చెప్పిన నిజం అదొక్కటే.

ప్రశ్న ఏమిటో వినకుండానే మంద మళ్లీ చెంపలేసుకుంది.