పిడికెడు బియ్యం

ఫిబ్రవరి పదకొండు, శనివారం. ఆ సాయంత్రం చిక్కుడుకాయ కూరతో అన్నం తిన్నాను. వంటచేసే గోదావరి ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి తలుపు వెనక సంచిలో దాచడం ఆ వారమంతా చూశాను. ఇప్పుడా సంచితో వెళ్లబోతుంటే ఆపాను.

"గా సంచిల ఏముంది?"

"బియ్యం సారూ. మీయే."

"అడిగితే ఇయ్యనా? దొంగతనం ఎందుకు?"

ఆమె సంచి కింద పెట్టింది.

"గంత మాటంటరా? దానమ్మ అమ్మ వండేముందు పిడికెడు తీసి ఆదివారం చర్చిల ఇయ్యకపోయేదా, ముసలోళ్లకు వండిపెట్టనీకి? దవాఖానల నా చెయ్యి వట్టుకొని చెప్పింది, సారు మళ్ల చర్చికి పోయేదాంక నువ్వు తియ్యి అని. నేను ఏడుపాయల దుర్గమ్మకు మొక్కేదాన్ని. అయినా ఏడాది సంది మోస్తున్న."

నా భార్య దానమ్మ పోయాక నేను చర్చి గడప తొక్కలేదు.

"తప్పయింది గోదావరీ. కానీ ప్రభువుకు నాతోని ఇంకేం పని?"

"గదంత నాకేమెరుక? ముసలోళ్లకైతే రేపు మీతోని పనుంది."

వంగి సంచి అందుకున్నాను.

"రేపు నేనే తీస్కపోత."

"సంచి నాది సారూ. వాపస్ తేకుంటే మిమ్ముల దొంగంట."

నవ్వు దాచుకుంటూ బయటికి నడిచి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.