ముగ్గురికీ పదికి పది

“నిజం చెప్పక్కా, నాకు ఎంత వేశావు?”

హాస్టల్ కింది అంతస్తులో, బట్టలు ఉతికే మిషన్ ముందు గొంతుక్కూర్చుని జత కుదరని సాక్సులు ఏరుతున్న అక్క తలెత్తింది.

“పది వేశాను. ఏమైందే?”

చిట్టి తన ఫోను ఆమె ముఖం ముందు పెట్టింది. యూనివర్సిటీ నుంచి వచ్చిన మెయిలు. ‘వంతెన ప్రాజెక్టులో మీ జట్టులో ఒకరు మీకు పదికి ఒక మార్కు వేశారు. ఒక్కరైనా రెండుకు తక్కువ వేస్తే పని చేయనట్టు లెక్క. విచారణ పూర్తయ్యేదాకా మీ ఫలితం ఆపుతున్నాం.’

అక్కంటే తోడబుట్టినదేమీ కాదు. ఒకే కాలేజీ నుంచి ఒక సెమిస్టరు చదువుకోవడానికి ఈ పరాయి దేశం వచ్చిన ఇద్దరిలో ఏడాది పెద్దది. ఇద్దరికీ ఒకే గది, ఒకే కుక్కరు, చివరికి జలుబు కూడా ఒకేసారి.

జట్టులో మిగతా ఇద్దరూ ఇక్కడివాళ్ళు. ఒకడు పొడుగు, ఒకామె కళ్ళజోడు. అసలు పేర్లకు నోరు తిరగక చిట్టి పెట్టుకున్న పేర్లవి. నలుగురూ కలిసి సన్నటి చెక్కపుల్లలతో మీటరు పొడవు వంతెన కట్టారు. అది నలభై కిలోలు మోసింది. ఏ పుల్ల ఎంత బరువు ఆపుతుందో మూడు వారాలు కూర్చుని లెక్క తేల్చింది చిట్టి. అంతా అయ్యాక ఎవరి పనికి ఎన్ని మార్కులో జట్టువాళ్ళే రహస్యంగా ఫారం నింపి పంపాలి. అది ఇక్కడి పద్ధతి.

“నలుగురికీ పదేసి వేశానే, ఒట్టు,” అంది అక్క.

“నేనూ మీ ముగ్గురికీ పదికి పది వేశాను. అందరికీ పదే వేద్దామనుకున్నాంగా, మరి మాట తప్పిందెవరు?”

“వాళ్ళిద్దర్నీ అడిగావా?”

“అడిగాను. తమ ఫారం కాపీలు ఫోన్లో చూపించారు. నా పేరు పక్కన పదే ఉంది. నీ కాపీ చూపించు.”

“కాపీ కావాలా అని అడిగితే వద్దని నొక్కాను. దాంతో పనేముంటుందిలే అనుకున్నాను.”

“భలే కుదిరింది!”

“చిట్టీ! నీకు ఒకటి వేయాల్సిన అవసరం నాకేమిటే?”

“ఇక్కడ ఇంకో సెమిస్టరు ఉండటానికి మన కాలేజీకి ఉన్నది ఒక్కటే సీటు. అదీ అవసరం.”

అక్క ఉతికిన సాక్సునే మళ్ళీ మిషన్లో పడేసింది. తప్పు చేసిన చేతులు అలాగే తడబడతాయనుకుంది చిట్టి. అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ భూతం పాత సంగతులన్నీ తవ్విపోసింది. వంతెన చూపించిన రోజున ఆ కోర్సు చెప్పే మేడమ్ “ఈ లెక్కలు ఎవరివి?” అని అడిగితే చిట్టి నేలచూపులు చూస్తూ “అందరివీ మేడమ్, ఇందులో నాదేముంది,” అంది. బయటికొచ్చాక అక్క చెడామడా తిట్టింది. “ఇక్కడ నోరు తెరిచి చెప్పుకోకపోతే చేయనట్టేనే, పిచ్చిమొహమా!”

“సొంత డబ్బా కొట్టుకోవడం మా ఇంటా వంటా లేదక్కా,” అని నవ్వేసింది చిట్టి.

అప్పుడు ప్రేమనుకున్న తిట్టు ఇప్పుడు వేరేగా వినబడింది. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఈ కోర్సు పాస్ కాకపోతే సొంత కాలేజీ సెమిస్టరు మొత్తాన్నీ కొట్టేస్తుంది. చదువులో ఒక ఏడాది పోతుంది. ఇంట్లో ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి?

మర్నాడు చిట్టి మేడమ్‌కు ఫిర్యాదు రాసిచ్చింది. ఒకటి వేసింది అక్కేనని రాసి ఊరుకోలేదు. అక్క జ్వరంతో వారం పడుకున్నప్పుడు ఆమె గీయాల్సిన డ్రాయింగులు తనే గీశానని కూడా రాసింది. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యేసి ఇచ్చిన మాట అది. తను మాట తప్పితే నేనొక్కదాన్నే ఎందుకు నిలబెట్టుకోవాలి అనుకుంది.

అక్కను పిలిచి అడిగారు. ఆమె బుకాయించలేదు. “నిజమే, అవి తనే గీసింది,” అంది. ఇన్నాళ్ళూ దాచినందుకు చిట్టికి హెచ్చరికతో సరిపెట్టారు. అక్క కోర్సు రద్దు చేసి ఇంటికి పంపేస్తున్నామన్నారు.

వెళ్ళే రోజు పొద్దున అక్క పెట్టె సర్దుకుంటుంటే చిట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

“కుక్కరు నువ్వే ఉంచుకో. వాషరు మార్చు, ఆవిరి పోతోంది,” అంది అక్క. గుమ్మం దగ్గర ఆగింది. “జ్వరం సంగతి చెప్పేశావు, సరే. కానీ నేను నీకు పదే వేశానే, చిట్టీ.”

“ఇంకా ఎందుకక్కా ఈ నాటకం?”

పెట్టె చక్రాల చప్పుడు మెట్లదాకా వినబడి ఆగిపోయింది. చిట్టి తలుపేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. పరాయివాళ్ళు చేస్తే ఇంత నొప్పి ఉండేది కాదు. ఒక కంచంలో తిన్న మనిషి చేసిందే అన్నది ఆమె బాధ.

ఆ మధ్యాహ్నమే ఒకటి మార్కు సంగతి మీద విచారణ. మేడమ్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది.

“ఫారాల మీద పేర్లు తెరిచే అనుమతి నాకు ఇవాళే వచ్చింది,” అంది మేడమ్. “నీ స్నేహితురాలు వెళ్ళిపోయిందా?”

“పొద్దున్నే వెళ్ళింది మేడమ్. తన ఫారం చూశారుగా?”

“చూశాను. నీకు పది వేసింది.”

చిట్టి కుర్చీలో ముందుకు జరిగింది. “అయితే ఆ పొడుగబ్బాయా? కళ్ళజోడమ్మాయా? దొంగ కాపీలు చూపించారా నాకు?”

“వాళ్ళూ పదే వేశారు.”

“మరి ఇంకెవరున్నారు మేడమ్, మా జట్టులో?”

మేడమ్ కంప్యూటర్ తెరను నెమ్మదిగా ఆమె వైపు తిప్పింది. అది చిట్టి నింపిన ఫారమే.

“ఆ ఒకటి నీకు నువ్వే వేసుకున్నావు.”