మేకులు కొట్టిన కిటికీ

“తలుపు రావడంల్యా అత్తా. లోపల పాముండాది.”

వంటింటి తలుపు వెనకనుంచి వచ్చిన ఆ గొంతు సన్నగా ఉంది, వణుకుతూ ఉంది. గంగులమ్మ చేతిలోని చేట జారింది. వేరుశనగ గింజలు నట్టింటంతా దొర్లాయి.

“యాడుండాదే, నీలావతీ?”

“కుండల ఎనక. బుస కొడతాంది. కట్టెలు తడిసినాయి, అంతా పొగ. నా చెయ్యి నాకే కనపడల్యా.”

ఆ వెంటనే దగ్గు. కోడలి దగ్గు ఆ ఇంటికి కొత్త కాదు. కానీ ఈ పొద్దు ఒక్కొక్క దగ్గుకూ అత్త గుండె ఒక్కొక్క మెట్టు కిందికి దిగింది.

నారాయణప్ప పరుగున వచ్చి తలుపును భుజంతో తోశాడు. కదలలేదు. మళ్లీ తోశాడు. కదలలేదు. నయాపైసలు వచ్చిన ఏడాది అది. పెనుకొండ కొండమీద మూడు రోజులుగా ముసురు దిగనంటోంది. కొడుకు శ్రీనివాసులు హిందూపురం పోయి ఇంకా రాలేదు.

“గొడ్డలి తెస్తా, ఉండు,” అన్నాడు.

“వద్దు మామా,” అంది లోపలి గొంతు. “దబ్బుమంటే అది లేస్తాది.”

పక్క వీధినుంచి వడ్ల శంకరప్పను పిలుచుకొచ్చారు. ఆ ఇంటి తలుపులు ఆయన చేసినవి, కిటికీలు ఆయన తండ్రి చేసినవి. ముసలాయన తడిచేతిని పంచెకు తుడుచుకుని, చూలు ఆవు పొట్టమీద వేసినట్టుగా అరచేతిని తలుపుమీద వేశాడు. పైన తోశాడు, కింద తోశాడు, నడుమ తోశాడు. నడుమ ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. లోపల మళ్లీ దగ్గు.

“ఉబ్బింది,” అన్నాడు శంకరప్ప.

“నువ్వు చేసిందే గదా ఆచారీ? ముప్పై ఏండ్లు ఆరిన టేకు, ఎంత వానకూ ఉబ్బదంటివే.”

“కొయ్యకు ఎన్నేండ్లయినా ప్రాణముంటాదప్పా. ఇది ఇప్పట్లో రాదు. కిటికీ తీయాల.”

నారాయణప్ప ముఖం పాలిపోయింది. వంటింటి కిటికీ పెరటివైపు, కొండకు ఎదురుగా ఉంది. మొన్నటి చలికాలంలో ఒక వేకువన ఆ చువ్వలకు మూతి ఆనించి చిరుతపులి లోపలికి చూసింది. తెల్లారేలోగా ఆయనే బయట అడ్డపలకలు వేసి, జానెడేసి మేకులు దిగ్గొట్టాడు.

“కిటికీ మాట ఎత్తొద్దు. ఇంకేదన్నా చెప్పు.”

“ఇంకేముండాది చెప్పేదానికి? తలుపు పగలగొడితే పాము బెదురుతాది. ఊరికే ఉంటే పొగలో మీ కోడలు పాప దాన్ని తొక్కుతాది. కిటికీ తీస్తే పొగ పోతాది, అది యాడుండాదో చూడొచ్చు. మా నాయన పెట్టినవి కొయ్య చువ్వలు. ఒకదాన్ని పైకెత్తి లాగితే మనిషి బయటికొస్తాది. ఇనుప కమ్మీలయింటే నేనూ మీ మాదిరి నిలబడి చూడాల్సిందే.”

“చిరుత మళ్లా వస్తే?”

“అది వచ్చినప్పుడు గదా. ఇది ఇప్పుడు,” అంది గంగులమ్మ. పెళ్లయిన నాటినుంచి ఆమె భర్త మాటకు అడ్డం రావడం అదే మొదలు. “ఆచారిని పీకమంటావా, నన్ను పీకమంటావా?”

లోపల ఒక కుండ దొర్లి పగిలింది. ఆ తరువాత నిశ్శబ్దం. దగ్గు కూడా లేదు.

“నీలావతీ…”

గంగులమ్మ తలుపుకు చెవి ఆనించింది.

“తియ్యి ఆచారీ,” అన్నాడు నారాయణప్ప.

పెరట్లో వాన పడుతూనే ఉంది. శంకరప్ప మేకుల మొదళ్లలో నూనె చుక్కలు వేశాడు. మొదటి మేకు కిర్రుమంది. రెండోది మూలిగింది, గంగులమ్మ కళ్లు మూసుకుంది. మూడోది, నాలుగోది. ఊడిన ప్రతి పలక వెనకనుంచీ పొగ పాయలు పాయలుగా వెలువడి వానలో కలిసిపోయింది. చివరి పలక తీసి, ముసలాయన చువ్వలకు ముఖం ఆనించాడు. చాలాసేపు చూశాడు. రెప్ప వేయలేదు.

“కనపడిందా?” గడ్డివామి వెనకనుంచి అడిగాడు నారాయణప్ప.

“కనపడింది.”

“నాగుబామా?”

“నాగుబామే. బారెడుండాది.” శంకరప్ప గొంతు తగ్గించాడు. “ఎవరూ దగ్గరికి రావద్దండి. పాపా, కదలొద్దు తల్లీ… నీళ్లు పోయే తూములో దూరతాంది… పోయింది. కంచె అవతల పడింటాది.”

గంగులమ్మ బురదలోనే కూలబడింది. నారాయణప్ప చేతులు ఏ దేవుడికో తెలియకుండానే జోడించుకున్నాయి. శంకరప్ప పలకలన్నీ ఏరి చంకన పెట్టుకున్నాడు.

“అవి యాడికి తీసుకపోతాండావబ్బా? మళ్లా కొట్టాల గదా.”

“కొట్టొద్దప్పా. చీకటీ పొగా ఉండే చోటే అది కాపురం పెడతాది. ఈ కిటికీ మూసిన దినమే మళ్లా వస్తాది. చిరుతకయితే లోపల టేకు రెక్కలుండాయి. పొద్దు గుంకినాక వేసుకుంటే చాలు.”

నారాయణప్ప కొండవైపు చూశాడు. తూమువైపు చూశాడు. వాన నీటితో పాటు ముఖాన పట్టిన చెమటనూ తుడుచుకున్నాడు.

“సరే. మూయంలే.”

“ఇంక పోయి తలుపు తోయండి. గాలి తగిలింది గదా, కొయ్య వదులయ్యింటాది,” అన్నాడు శంకరప్ప, లోపలికి వినబడేంత గట్టిగా.

లోపల నీలావతి చువ్వల మధ్యనుంచి వస్తున్న తడిగాలిని గుండె నిండా పీల్చుకుని, పొద్దున తానే వేసిన గడియను చప్పుడు కాకుండా తీసింది.