ఆరేళ్ల జిలేబీ

"ఆరేళ్లు ఆ జబ్బుకి తిండెట్టలేదు డాక్టరమ్మా! మరెలా బతికింది?" అని బల్ల గుద్దాను. నా భార్య పైడితల్లి రొమ్ము క్యాన్సర్ ఎముకల్లో మళ్లీ కనిపించిందని డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

"ఏం తిండి?"

"తీపి. ఆపరేషనయిన కాడ్నించి పంచదార, బెల్లం, జిలేబీ ఇంట్లోకి రానీలేదు. తీపి ఆపేత్తే క్యాన్సర్ మాడి సత్తాదని ఫోన్లో వీడియో సూసినాను. సరుకాపేత్తే ఏ కొట్టయినా మూతపడాల. మా మాంగో పేటలో నా కిరాణాకి పోటీగా ఎదర కొట్టెట్టినోడికి అలాగే ఆపించినాను."

"మూసేశాడా?"

నా పక్క కుర్చీలోంచి పైడితల్లే చెప్పింది.

"ఏటి మూసేది! షట్టరు దించి, కొట్లో ఉన్న సరుకే ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ తెరిసినారు."

"ఆ క్యాన్సర్ కణాలూ అంతేనమ్మా," అంది డాక్టరమ్మ. "మందులకు చావని కొన్ని కణాలు ఎక్కడో నక్కి ఉంటాయి. తమ లోపలి భాగాలనే అరిగించుకు తింటూ ఏళ్లు గడుపుతాయి. మీరు జిలేబీ మానేస్తే అవి చావవు. రేపట్నుంచి మందులు మొదలుపెడదాం. మీకు బలం కావాలి, బాగా తినండి."

పైడితల్లి నా వైపు తిరిగింది.

"అయితే ఆరేళ్లూ మాడింది నేనొక్కదాన్నేనా? మనవడి పుట్టినరోజు నాడు నా నోటికాడి కేకు లాగేసినావు. నలుగురిలో!"

"నీ మంచికే కదే..."

"నోర్ముయ్."

ఆమె కొంగు దోపుకొని లేచింది.

"స్కూటర్ భాలుబాసా బజారు మీంచి పోనీ. జిలేబీ కొట్టు కాడ ఆపు. నువ్వు లోపలికి రాకు. బయట నిలబడి సూడు."